వాన లెక్కలు పెట్టిన క్లౌడ్ బకెట్‌కు తాళం వేశారా? పైప్‌లైన్ రన్ చేసే ముందు ఈ సెట్టింగ్స్ చూడండి

బాన్సువాడ (కామారెడ్డి జిల్లా): 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాను వాన ముంచెత్తింది. రాజంపేట మండలం ఆర్గొండలో వర్షపాతం 40 సెంటీమీటర్లు దాటింది. రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. మంజీర ఉప్పొంగడంతో నిజాంసాగర్ గేట్లు ఎత్తారు. ఆ గేట్లు లేచాయంటే బాన్సువాడ డివిజన్‌లో నది ఒడ్డున ఉన్న ఊళ్లకు ఆ రాత్రి నిద్ర ఉండదు.

మరి ఏ మండలంలో ఎంత వాన పడింది? అది ప్రాజెక్టు దాకా రావడానికి ఎంత టైమ్ పట్టింది? గత ఐదేళ్లలో ఇలాంటి రోజులు ఎన్ని ఉన్నాయి? ఈ ప్రశ్నలకు జవాబు కావాల్సిన డేటాలో చాలా భాగం అందరికీ అందుబాటులోనే ఉంది. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లు ఉన్నాయి. వాటి నుంచి వచ్చే వర్షపాతం, ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం వివరాలు మండలాల వారీగా రాష్ట్ర ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో దొరుకుతాయి. 2016లో వచ్చిన ఓపెన్ డేటా పాలసీ పుణ్యమా అని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. డిగ్రీ చదివే కుర్రాడు కూడా.

ఇక్కడో చిన్న తమాషా. వాతావరణ శాఖ వాళ్లు ఆటోమేటిక్ వెదర్ స్టేషన్‌ను ముద్దుగా ఏడబ్ల్యూఎస్ అంటారు. ఐటీ వాళ్లకు ఏడబ్ల్యూఎస్ అంటే అమెజాన్ వెబ్ సర్వీసెస్. ఈ కథనంలో రెండూ ఉన్నాయి కాబట్టి రెండోదాన్ని అమెజాన్ అనే అందాం.

ఎక్సెల్ సరిపోదా?

ఒక నెల ఫైల్ అయితే సరిపోతుంది. రాష్ట్రంలో ఆరు వందలకు పైగా మండలాలు. రోజుకు మండలానికి ఒక వరుస చొప్పున చూస్తే నెలకు 18 వేల వరుసలు. ఐదేళ్లవి కలిపితే దాదాపు 11 లక్షలు. ఎక్సెల్ షీట్‌లో పట్టేది 10,48,576 వరుసలే. అంటే ఐదో ఏడాది డేటా చివర్లో షీట్ చేతులెత్తేస్తుంది. పైగా రోజూ కొత్త డేటా వస్తూనే ఉంటుంది. రోజూ దాన్ని తెచ్చి, శుభ్రం చేసి, పాతదానితో కలిపి, లెక్క తీసే పనిని మనిషి చేయకుండా ప్రోగ్రామ్‌తో చేయించడాన్నే డేటా పైప్‌లైన్ అంటున్నారు.

ఈ పైప్‌లైన్‌కు ఒక గోదాం కావాలి. అదే క్లౌడ్ స్టోరేజ్. అమెజాన్‌లో దాన్ని ఎస్3 అంటారు, గూగుల్‌లో క్లౌడ్ స్టోరేజ్, మైక్రోసాఫ్ట్‌లో బ్లాబ్ స్టోరేజ్. గోదాంలో ఒక గదిని బకెట్ అంటారు (మైక్రోసాఫ్ట్ వాళ్లు కంటైనర్ అంటారు, పని అదే). కోడ్ రాయడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు, ఏఐ టూల్స్ కూడా రాసి పెడుతున్నాయి. చిక్కంతా ఈ గది సెట్టింగ్స్ దగ్గరే వస్తోంది. బిల్లు పేలడానికైనా, డేటా బయటపడడానికైనా, "నిన్నటి దాకా పనిచేసింది, ఇవాళ ఎర్రర్" అనడానికైనా ఎక్కువసార్లు కారణం అక్కడే ఉంటుంది.

రీజియన్: ఒకసారి ఎంచుకుంటే అంతే

బకెట్ పెట్టేటప్పుడు మొదట అడిగేది రీజియన్, అంటే డేటా ఏ ఊళ్లో ఉండాలి అని. అమెజాన్ ముంబై రీజియన్ 2016లో మొదలైంది. హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరు 22న అందుబాటులోకి వచ్చింది. గూగుల్‌కు ముంబై, ఢిల్లీ ఉన్నాయి. చాలామంది కొత్తవాళ్లు యూట్యూబ్ పాఠం చూస్తూ అందులో కనిపించిన అమెరికా రీజియన్‌నే క్లిక్ చేస్తారు. తప్పేం జరగదు, పని నడుస్తుంది. కానీ బకెట్ రీజియన్‌ను తర్వాత మార్చడం కుదరదు. కొత్త బకెట్ తెరిచి డేటా మొత్తం అక్కడికి కాపీ చేయాల్సిందే.

లెక్కలు చేసే మెషీన్ ఒక రీజియన్‌లో, బకెట్ ఇంకో రీజియన్‌లో ఉంటే డేటా అటూ ఇటూ తిరిగినప్పుడల్లా చార్జీ పడుతుంది. రెండూ ఒకే రీజియన్‌లో ఉంటే ఆ చార్జీ ఉండదు. ఇక స్టోరేజ్ ధర అంటారా, ముంబైలో స్టాండర్డ్ రకానికి జీబీకి నెలకు 0.025 డాలర్లు, మన లెక్కలో రెండు రూపాయల పైచిలుకు. వాన డేటా ఐదేళ్లది కలిపినా ఒక జీబీ కాదు. కాబట్టి స్టోరేజ్ ఖర్చు గురించి భయపడాల్సిన పని లేదు. భయపడాల్సింది వేరే ఉంది.

ఖాళీ బకెట్‌కు లక్ష రూపాయల బిల్లు!

2024 ఏప్రిల్‌లో ఓ డెవలపర్ తన అనుభవాన్ని బయటపెట్టినప్పుడు ఐటీ ప్రపంచం నోరెళ్లబెట్టింది. ఆయన టెస్టింగ్ కోసం ఒక ప్రైవేట్ బకెట్ పెట్టి కొన్ని ఫైళ్లు మాత్రమే అప్‌లోడ్ చేశాడు. రెండు రోజుల తర్వాత చూస్తే బిల్లు 1,300 డాలర్లు దాటింది. అంటే లక్ష రూపాయలకు పైనే. లోపలికి చూస్తే ఒక్క రోజులో దాదాపు 10 కోట్ల రిక్వెస్టులు!

ఎవరూ హ్యాక్ చేయలేదు. బాగా వాడుకలో ఉన్న ఒక ఓపెన్ సోర్స్ టూల్ తన సెట్టింగ్స్ ఫైల్‌లో ఉదాహరణగా ఒక బకెట్ పేరు పెట్టింది. ఆ పేరు, ఈయన పెట్టుకున్న పేరు ఒకటే అయ్యాయి. టూల్ వాడే వాళ్లలో ఆ పేరు మార్చకుండా వదిలేసిన ప్రతి ఒక్కరి బ్యాకప్ ఈయన గది తలుపు తట్టింది. తాళం వేసి ఉంది కాబట్టి ఏదీ లోపలికి రాలేదు. కానీ తలుపు తట్టినందుకు కూడా చార్జీ పడింది, అదీ గది యజమాని మీద. గొడవ పెద్దది కావడంతో 2024 మేలో అమెజాన్ రూల్ మార్చింది. బయటివాళ్లు అనుమతి లేకుండా చేసే, తిరస్కరణకు గురైన రిక్వెస్టులకు ఇప్పుడు యజమానికి బిల్లు పడదు.

రూల్ మారినా ఇందులో నేర్చుకోవాల్సింది రెండు వైపులా ఉంది. బకెట్ పేర్లు ప్రపంచం మొత్తానికి కలిపి ఒక్కటే జాబితాగా ఉంటాయి. "డేటా", "టెస్ట్" లాంటి పేర్లు పెట్టుకోవద్దు, ఊరూ పనీ కలిపి చివర కొన్ని అంకెలు తగిలిస్తే మంచిది. అలాగే నెట్‌లో దొరికిన సెట్టింగ్స్ ఫైల్‌ను కాపీ చేస్తే అందులో ఉన్న బకెట్ పేరు మార్చారో లేదో చూడాలి. లేకపోతే మీ డేటా ఇంకెవరి తలుపో తడుతుంది. ఆ తలుపు తెరిచి ఉంటే లోపలికి కూడా పోతుంది.

తాళం సంగతి

ఈ విషయంలో కాలం కొంత మెరుగైంది. 2023 ఏప్రిల్ నుంచి అమెజాన్‌లో కొత్తగా పెట్టే ప్రతి బకెట్‌కూ పబ్లిక్ యాక్సెస్ ముందే బ్లాక్ అయి వస్తోంది. అదే ఏడాది జనవరి 5 నుంచి కొత్త ఫైళ్లన్నీ ఎవరూ అడగకుండానే ఎన్‌క్రిప్ట్ అవుతున్నాయి. గూగుల్‌లో పబ్లిక్ యాక్సెస్ ప్రివెన్షన్ అని, మైక్రోసాఫ్ట్‌లో అనానిమస్ యాక్సెస్ అని ఇలాంటి సెట్టింగే ఉంటుంది.

మరి తాళం ముందే వేసి వస్తుంటే సమస్య ఎక్కడ? తీసేది మనవాళ్లే. పైప్‌లైన్ రన్ చేయగానే "యాక్సెస్ డినైడ్", 403 ఎర్రర్ వస్తుంది. గంట సేపు తల పట్టుకుంటారు. నెట్‌లో వెతికితే "పబ్లిక్ చేసెయ్, పనిచేస్తుంది" అని ఎవరో ఒకరు చెప్తారు. చేస్తారు. నిజంగానే పనిచేస్తుంది! ఆ తర్వాత తిరిగి మూయడం ఎవరికీ గుర్తుండదు.

అందుకే 403 ఎందుకు వస్తుందో తెలుసుకుంటే సగం ప్రమాదం తప్పుతుంది. ఎక్కువగా కనిపించే కారణాలు ఇవి.

గదిలో ఏమేం ఉన్నాయో చూసే అనుమతి వేరు, ఒక్కో ఫైల్ తెరిచే అనుమతి వేరు. అమెజాన్ పాలసీలో మొదటిది బకెట్ పేరు మీద ఇవ్వాలి. రెండోది బకెట్ పేరు తర్వాత ఒక గీత, ఒక స్టార్ గుర్తు పెట్టి లోపలి ఫైళ్ల మీద ఇవ్వాలి. రెండింటినీ ఒకే లైన్‌లో కుదించి రాసి, ఎందుకు రావట్లేదని అడిగేవాళ్లే ఎక్కువ. ఇంకో తికమక కూడా ఉంది. లోపల చూసే అనుమతి లేనప్పుడు, అసలు లేని ఫైల్‌ను అడిగినా "ఫైల్ లేదు" అని రాదు, 403 అనే వస్తుంది. ఫైల్ ఉందో లేదో కూడా బయటివాడికి చెప్పకూడదన్నది దాని పద్ధతి. కాబట్టి 403 చూడగానే పర్మిషన్ మీద పడకుండా, ఫైల్ పేరులో అక్షరం తేడా ఏమైనా ఉందా అని ముందు చూసుకోవాలి. క్యాపిటల్ అక్షరాలు, స్మాల్ అక్షరాలు ఇక్కడ వేర్వేరు.

మూడోది ఎన్‌క్రిప్షన్. మామూలుగా వచ్చే ఎన్‌క్రిప్షన్‌తో ఇబ్బంది లేదు. కానీ సొంత కీ పెట్టుకునే కేఎంఎస్ పద్ధతి ఎంచుకుంటే, బకెట్ అనుమతితో పాటు ఆ కీ వాడే అనుమతి కూడా పైప్‌లైన్‌కు ఇవ్వాలి. గది తలుపు తెరిచారు, లోపల పెట్టె తాళంచెవి ఇవ్వలేదు, అదీ పరిస్థితి. ఇక్కడ కూడా వచ్చే ఎర్రర్ "యాక్సెస్ డినైడ్" అనే.

తాళంచెవి ఎవరి జేబులో?

పైప్‌లైన్‌కు బకెట్ తెరిచే హక్కు ఇవ్వడానికి రెండు దారులు. ఒకటి యాక్సెస్ కీ, అంటే ఒక పొడవాటి పాస్‌వర్డ్ లాంటిది. రెండోది రోల్, అంటే ఈ మెషీన్ ఫలానా పని మాత్రమే చేయొచ్చు అని క్లౌడ్‌లోనే రాసి పెట్టడం. కీ అయితే కోడ్‌లో రాసేసి, ఆ కోడ్‌ను గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి కీల కోసం గిట్‌హబ్‌ను జల్లెడ పట్టే ప్రోగ్రామ్‌లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. అవి దొరికించుకుంటే ముందు మీ అకౌంట్‌లో పెద్ద పెద్ద మెషీన్లు ఆన్ చేసి క్రిప్టో మైనింగ్ చేసుకుంటాయి. బిల్లు మీకు వస్తుంది.

రోల్ వాడితే దాచాల్సిన పాస్‌వర్డే ఉండదు. అందులోనూ పొదుపుగా ఇవ్వాలి. పచ్చి డేటా ఉన్న ఫోల్డర్‌ను చదవడం మాత్రమే, తయారైన డేటా ఫోల్డర్‌లో రాయడం మాత్రమే. డిలీట్ చేసే హక్కు పైప్‌లైన్‌కు అసలు అవసరం లేదు. ఐకేపీ కొనుగోలు కేంద్రంలో కాంటా వేసే మనిషికి రైతుల డబ్బులు వేసే లాగిన్ ఎవరైనా ఇస్తారా?

ఆగస్టు 27 వాన ఏ తేదీ కింద రాయాలి?

వాన డేటాతో పనిచేసేవాళ్లు తప్పక పడే గొయ్యి ఇది. భారత వాతావరణ శాఖ లెక్కలో వర్షపు రోజు అర్ధరాత్రి మారదు. ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా ఒక రోజు. 28 ఉదయం 8.30కి కొలిచిన వాన 28వ తేదీ కింద పడుతుంది, అందులో ఎక్కువ భాగం 27న కురిసినా సరే. వేరే సంస్థల డేటా కూడా ఇదే పద్ధతిలో తేదీ వేస్తుందన్న గ్యారంటీ లేదు, ఫైల్‌తో పాటు ఇచ్చే వివరణ చదవాల్సిందే.

దీనికి క్లౌడ్ ఇంకో మడత వేస్తుంది. క్లౌడ్‌లో గడియారం మన టైమ్‌లో నడవదు, యూటీసీలో నడుస్తుంది. మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకు ఉదయం 8.30 అయితే అక్కడ 3 గంటలు. మీరు పైప్‌లైన్‌ను "రోజూ 9 గంటలకు" అని షెడ్యూల్ చేస్తే, టైమ్ జోన్ మార్చకపోతే అది మన మధ్యాహ్నం రెండున్నరకు మొదలవుతుంది. తెల్లవారుజామున 4 గంటలకు అప్‌లోడ్ అయిన ఫైల్ మీద నిన్నటి తేదీ కనిపిస్తుంది.

వరద రోజుల్లో ఈ తేడా చిన్నది కాదు. పైన వాన 27న పడిందా, 28న పడిందా అన్నది తప్పితే, ప్రాజెక్టుకు నీళ్లు రావడానికి పట్టిన టైమ్ లెక్క ఒక రోజు తప్పుతుంది. అందుకే ఫోల్డర్‌కు అప్‌లోడ్ అయిన తేదీ కాకుండా, డేటా ఏ రోజుదో ఆ తేదీ పెట్టాలి. ఏడాది, నెల, రోజు అని వరుసగా ఫోల్డర్లు పెట్టుకుంటే ఇంకో లాభం కూడా ఉంది. అమెజాన్ అథీనా లాంటి క్వెరీ సర్వీసులు ఎంత డేటా చదివితే అంతకు చార్జ్ చేస్తాయి, టెరాబైట్‌కు 5 డాలర్లు. ఆగస్టు లెక్క అడిగితే ఆగస్టు ఫోల్డర్ ఒక్కటే చదువుతుంది. సీఎస్‌వీ ఫైళ్లను పార్కే ఫార్మాట్‌లోకి మార్చితే అడిగిన కాలమ్‌లు మాత్రమే చదువుతుంది, ఇంకా తక్కువ. ఇంత చిన్న డేటాకు ఈ ఆదా పైసల్లోనే ఉంటుందనుకోండి. అలవాటు మాత్రం ఉద్యోగంలో పనికొస్తుంది.

తిన్నదే మళ్లీ తినే పైప్‌లైన్

పచ్చి డేటా, తయారైన డేటా, క్వెరీ ఫలితాలు. ఈ మూడూ మూడు చోట్ల ఉండాలి. వీలైతే మూడు బకెట్లలో, కనీసం మూడు ఫోల్డర్లలో. ఫలితాల ఫైల్‌ను పచ్చి డేటా ఉన్న చోటే సేవ్ చేస్తే, రేపు క్వెరీ రన్ అయినప్పుడు అది ఆ ఫలితాన్ని కూడా వాన డేటా అనుకుని చదువుతుంది. బాన్సువాడలో 6 సెంటీమీటర్లు పడితే 12 చూపిస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. ఎర్రర్ రాని తప్పును పట్టుకోవడం మహా కష్టం.

"కొత్త ఫైల్ రాగానే ఈ ఫంక్షన్ రన్ చెయ్" అని ట్రిగ్గర్ పెట్టేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ ఫంక్షన్ తన ఫలితాన్ని అదే బకెట్‌లో రాస్తే, అది కూడా కొత్త ఫైలే కదా. మళ్లీ ఫంక్షన్ రన్ అవుతుంది, మళ్లీ రాస్తుంది. రాత్రి ఆన్ చేసి పడుకుంటే పొద్దున్నే బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది. ట్రిగ్గర్‌ను ఒక్క ఫోల్డర్‌కే పరిమితం చేసి, ఫలితాన్ని వేరే బకెట్‌లోకి పంపితే ఈ బెడద ఉండదు. అకౌంట్ తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ కూడా పెట్టుకోవాలి. అయితే ఆ అలర్ట్ మెయిల్ పంపుతుంది తప్ప తనంతట తానే ఖర్చు ఆపదు.

పాత ఫైల్ పోతే?

కొత్త నెల ఫైల్‌ను పొరపాటున పాత నెల పేరుతో అప్‌లోడ్ చేస్తే పాతది పోయినట్టే, వెర్షనింగ్ ఆన్ చేసి ఉంటే తప్ప. ఆన్ చేస్తే ప్రతి పాత కాపీ వెనకాల భద్రంగా ఉంటుంది. ఒకసారి ఆన్ చేశాక పూర్తిగా తీసేయడం కుదరదు, ఆపి పెట్టడం మాత్రమే వీలవుతుంది. ప్రతి కాపీకీ అద్దె పడుతుంది కాబట్టి, ఫలానా రోజుల తర్వాత పాత కాపీలు తీసేయమని లైఫ్‌సైకిల్ రూల్ పెట్టుకోవాలి.

ఈ లైఫ్‌సైకిల్ రూల్స్‌లోనే మన ఊళ్లకు బాగా పనికొచ్చేది ఒకటుంది. పెద్ద ఫైల్ ముక్కలు ముక్కలుగా అప్‌లోడ్ అవుతుంది. మధ్యలో కరెంటు పోయిందనుకోండి, లేదా సిగ్నల్ పోయింది. అప్పటిదాకా వెళ్లిన ముక్కలు అక్కడే ఉండిపోతాయి. మామూలుగా ఫైళ్ల జాబితా తెరిస్తే కనిపించవు, కానీ వాటికీ అద్దె నడుస్తూనే ఉంటుంది. పూర్తికాని అప్‌లోడ్‌లను 7 రోజుల తర్వాత తొలగించమని ఒక రూల్ పెడితే సరి.

చవక అని ఫైళ్లన్నీ గ్లేసియర్ లాంటి ఆర్కైవ్‌లోకి తోసేయడం మాత్రం తొందరపాటే. గ్లేసియర్‌లో కొన్ని రకాల్లో ఫైల్ వెనక్కి రావడానికి గంటల టైమ్ పడుతుంది, డీప్ ఆర్కైవ్ అయితే 12 నుంచి 48 గంటలు. వరద వస్తున్న రోజు గత ఏడాది లెక్క కావాలంటే ఆ ఆలస్యం పనికిరాదు.

వాన డేటా సరే, రైతు డేటా?

వాన లెక్కలు బయటపడితే కొంప మునిగేదేం లేదు, అవి అందరివీ. కానీ ఇదే పైప్‌లైన్ నేర్చుకున్న కుర్రాళ్లు రేపు ధాన్యం కొనుగోళ్లు, పంట రుణాలు, ఆసుపత్రి రికార్డుల మీద పనిచేస్తారు. నిజాంసాగర్ ఆయకట్టులో వరి పండించే రైతు వడ్లు అమ్మాలంటే ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంక్ ఖాతా వివరాలు ఇవ్వాల్సిందే. ఆ జాబితా ఉన్న బకెట్‌కు తాళం తీస్తే సంగతేంటి?

దేశంలో అలాంటిది జరిగిన దాఖలా ఉంది. భీమ్ యాప్‌లోకి వ్యాపారులను చేర్చే ప్రచారానికి సంబంధించిన ఒక వెబ్‌సైట్ డేటా తాళం లేని ఎస్3 బకెట్‌లో ఉందని 2020లో వీపీఎన్‌మెంటార్ పరిశోధకులు వెల్లడించారు. 409 జీబీ డేటా, 70 లక్షలకు పైగా రికార్డులు, వాటిలో ఆధార్ కార్డుల స్కాన్‌లు, కుల ధ్రువపత్రాలు కూడా ఉన్నాయని వాళ్లు చెప్పారు. ఏప్రిల్‌లో గుర్తిస్తే మే నెలాఖరుకు గానీ మూతపడలేదు. భీమ్ యాప్ నుంచి డేటా ఏదీ బయటకు పోలేదని ఎన్‌పీసీఐ ప్రకటించింది.

ఆ తర్వాత చట్టం వచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. తెలంగాణ కూడా 2023 ఆగస్టులో వ్యవసాయ డేటా ఎక్స్‌ఛేంజ్‌ను ప్రారంభించింది. రైతు సమ్మతితో, ఎవరికి ఏ డేటా ఇవ్వాలో నియంత్రిస్తూ పంచుకోవడం దాని ఉద్దేశం. జరిమానా సంస్థ కడుతుంది. ఆధార్ నంబర్, ఖాతా నంబర్ బయటపడ్డ రైతు మాత్రం బ్యాంక్ పేరుతో వచ్చే ప్రతి ఫోన్ కాల్‌కూ ఉలిక్కిపడుతూ బతకాలి. ఖాతా నంబర్ మార్చుకోవచ్చేమో గానీ వేలిముద్ర మార్చుకోలేడు కదా.

అందుకే ప్రాక్టీస్‌కు వాన డేటానే వాడండి. అసలు మనుషుల పేర్లున్న ఫైల్‌తో మొదలుపెట్టొద్దు. సెట్టింగ్స్ అయ్యాక ఒక చిన్న పరీక్ష: బకెట్‌లోని ఏదో ఒక ఫైల్ లింక్ కాపీ చేసి, మీ లాగిన్ లేని వేరే ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో మోడ్‌లో తెరవండి. "యాక్సెస్ డినైడ్" వస్తే తాళం పడినట్టు. ఫైల్ డౌన్‌లోడ్ అవడం మొదలైతే, పైప్‌లైన్ ఆపి ముందు పబ్లిక్ యాక్సెస్ సెట్టింగ్ దగ్గరకు వెళ్లండి.